బావుల పట్టికలో ఒక వరుస

ఓబులేసుకు ఖాళీ గడులంటే గిట్టదు.

పట్టికలో ఎక్కడైనా ఒక గడి ఖాళీగా కనిపిస్తే చాలు, పంటి సందులో పీచు ఇరుక్కున్నట్టు ఉంటుంది అతనికి. దాన్ని తీసేదాకా మనసు మరో పని మీదికి పోదు. ఖాజా తాత దగ్గరికి శిష్యుడిగా వచ్చేటప్పుడు ఉద్యోగం వదులుకున్నాడు, ఇస్త్రీ చొక్కాలు వదులుకున్నాడు, చివరికి సినిమాలు కూడా వదులుకున్నాడు. ఈ ఒక్క అలవాటును మాత్రం జాగ్రత్తగా వెంట తెచ్చుకున్నాడు.

తాత ఉండే చోటును మకాం అంటారు. పేరుకు మకామే గానీ, ఎర్రగుట్ట కింద రేకులు కప్పిన కొన్ని గదులు, తాత గురువుగారి సమాధి, వచ్చినవాళ్లకు మధ్యాహ్నం ఇంత సంగటి వండే పొయ్యి, అంతే. అనంతపురం వైపు పల్లెల్లో ఆయన కులమేదో మతమేదో అడిగినవాళ్లు లేరు. దర్గాకు పోయేవాళ్లకూ గుడికి పోయేవాళ్లకూ ఆయన తాతే.

బిడ్డకు జ్వరం తగ్గిందనో, తప్పిపోయిన ఎద్దు దొరికిందనో మొక్కు తీర్చుకోవడానికి జనం వచ్చేవారు. ఏం తెమ్మంటావు తాతా అని అడిగితే ఆయన కోడిని అడిగేవాడు కాదు, సమాధి మీద కప్పే చాదరును అడిగేవాడు కాదు. మీ ఊరి బావిలో నీళ్లెంత ఉన్నాయో కొలిచి, ఏటా గురువుగారి సమాధి దగ్గర జరిగే ఉరుసు ఉత్సవానికి వచ్చి చెప్పమనేవాడు. కరువు సీమలో అంతకంటే పెద్ద కబురు ఏముంటుంది? జనం తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలేవారు. తాడు తడిసినంత మేర రెండు చేతులూ చాపి ఇన్ని బారలని కొలిచేవారు. ఆ లెక్క మోసుకొని ఉరుసుకు వచ్చేవారు. ఒక ఊరి బావి ఎండితే పశువులను ఏ ఊరికి తోలుకుపోవాలో తాత దగ్గర తెలిసేది.

ఈ సంగతులు గాలికి పోకూడదని, కాలేజీలో పాఠాలు చెప్పే శిష్యురాలొకామె 'బావుల వికీ' అని ఒకటి మొదలుపెట్టింది. దాంట్లో ఎవరైనా రాయొచ్చు, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దొచ్చు. ఆమెకు దూరప్రాంతానికి బదిలీ అయ్యాక ఆ పని ఓబులేసు చేతికి వచ్చింది.

వికీలో పట్టిక చేయడమంటే గళ్లు గీయడం కాదు, టైపు చేయడం. గడికీ గడికీ మధ్య ఒక నిలువుగీత కొట్టాలి. ఒక్క గీత మరిచిపోతే ఆ వరుసలో ఉన్నవన్నీ ఒక గడి పక్కకు జరుగుతాయి. మొదట్లో ఓబులేసు అట్లా ఒక గీత మింగేశాడు. దాంతో చెప్పినవారి పేరు ఉండాల్సింది నీళ్ల లెక్క గడిలోకి వచ్చి కూర్చుంది. ఆ ఊరి బావిలో ఈ ఏడు ముత్యాలప్ప ఉన్నాడని పట్టిక లోకానికంతా చాటింది. ముత్యాలప్ప బంధువులు హడలిపోయి ఫోన్లు చేశారు. తాత మూడు రోజులు దాన్నే తలుచుకొని నవ్వాడు. కనిపించిన ప్రతివాడినీ పిలిచి, బావిలో ముత్యాలప్ప ఎన్ని బారలున్నాడని అడిగాడు.

ఆ తరువాత ఓబులేసు చెయ్యి తిరిగింది. ఒక్కో బావికి ఒక్కో అడ్డు వరుస, ఒక్కో ఏడాదికి ఒక్కో నిలువు వరుస, చివరన 'చెప్పినవారు' అని ఇంకో నిలువు వరుస. పట్టిక పైన నీలిరంగు, నీళ్లు బాగా ఉన్న గడికి పచ్చరంగు. దాని కింద చార్టు. పట్టికలో ఉన్న అంకెలు తీసుకొని చార్టు తన గీతను తానే గీసుకుంటుంది. ఏటికేడు నీళ్లు ఎట్లా పెరిగాయో, ఎట్లా తగ్గాయో చూడగానే తెలిసిపోతుంది.

అన్నీ బాగానే ఉన్నాయి. ఖాళీ గడులు వచ్చినచోట మాత్రం గీత తెగిపోయేది. ఒకచోట ఆగి, కొంత దూరం మాయమై, మళ్లీ ఎక్కడో తేలేది. కొన్ని గీతలు తేలనే లేదు. ఓబులేసు ప్రాణం ఉసూరుమనేది.

ఒక రోజు పొద్దున్నే కూర్చొని ఖాళీ గడులన్నిటిలో సున్నాలు కొట్టాడు. గీతలన్నీ ఒక చివర నుంచి ఇంకో చివరకు చక్కగా సాగాయి. ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. చివరి నిలువు వరుసలో పేర్లు పొడుగు పొడుగ్గా ఉండి, పట్టిక ఫోను తెరలో పట్టడం లేదు. ఆ నిలువు వరుసను మొత్తంగా తీసేశాడు. ఇప్పుడు పట్టిక తెరకు అంగుళం అటూ ఇటూ కాకుండా సరిపోయింది. ఓబులేసుకు తన పనిని చూసుకొని తనకే ముద్దొచ్చింది.

తాత ఎండలో కూర్చొని చింతపండులో గింజలు తీస్తున్నాడు. ఓబులేసు ఫోను తీసుకుపోయి ఆయన ముందు పెట్టాడు. తాత చేతులు తుడుచుకొని, కళ్లజోడు పెట్టుకొని, చాలాసేపు చూశాడు.

"బాగుందప్పా. ఏరు మాదిరి పారుతుండాది." ఆయన వేలు ఒకచోట ఆగింది. "ఈడ కింద పడిందే?"

"అది సున్నా తాతా. ఆ ఏండ్లు ఎవరూ వచ్చి చెప్పలేదు."

"చెప్పకపోతే నీళ్లు లేనట్టేనా?"

"గడి ఖాళీగా ఉంటే గీత తెగిపోతాది తాతా. ఏదో ఒకటి రాయాల కదా."

తాత వాదించలేదు. పట్టికను వేలితో ఇటు జరిపి, అటు జరిపి, చెప్పినవాళ్లంతా యాడికి పోయినారని అడిగాడు. వాళ్లుంటే ఫోనులో పట్టడం లేదని, చదివేవాళ్లకు కావాల్సింది నీళ్ల లెక్కే గానీ పేర్లు కావని ఓబులేసు చెప్పాడు. తాత ఊఁ అని కళ్లజోడు తీసి మళ్లీ చింతపండులోకి వంగాడు. ఆ ఊఁకు అర్థం మెచ్చుకోలని ఓబులేసు అనుకున్నాడు. మనకు కావాల్సిన అర్థం మనం తీసుకుంటాం మరి.

వికీలో రాసే మిగతావాళ్లు కూడా చార్టు చాలా బాగుందని చర్చాపేజీలో పొగిడారు. ఇట్లాంటిది మాకూ చేసిపెట్టమని చేపల చెరువుల వికీవాళ్లు అడిగారు. కొన్నాళ్లు ఓబులేసు కాస్త గాలిలో నడిచాడు.

అట్లా ఉండగా ఒకరోజు మధ్యాహ్నానికి ముందు తాటిచెలమ సర్పంచి బాలన్న మకాంకు వచ్చాడు. ఒక గెల అరటిపండ్లు, కలకండ పొట్లం తెచ్చి తాత ముందు పెట్టి, ఆ తరువాత ఓబులేసుకు కూడా దండం పెట్టాడు. బాలన్న మంచి మనిషి. ఊరి ఆడవాళ్లు ఎండలో క్యాన్లు పట్టుకొని నిలబడుతున్నారని, పాల కేంద్రానికి ఒక షెడ్డు వేయాలని ఏడాదిగా తిరుగుతున్నాడు. దానికి అనువైన స్థలంలో ఒక పాత మెట్ల బావి ఉంది. జంగాల బావి అంటారు. దాన్ని పూడ్చాలని కొందరు, పూడ్చకూడదని కొందరు ఊళ్లో ఒకటే తగువు. ఆ తగువు ఇప్పుడు తీరిపోయిందని, తీర్చింది ఓబులేసు చార్టేనని బాలన్న సంతోషంగా చెప్పాడు.

"మీ చార్టును అచ్చు తీయించి పంచాయతీ గోడకు అంటించినాం సామీ. మూడేండ్ల నుంచి సున్నా ఉండాది కదా. అది చూసి అందరూ నోరు మూసుకున్నారు. రేపు మధ్యాహ్నం ట్రాక్టర్లు మట్టి తెస్తాయి. మీ రుణం మరిచిపోలేం."

బావిలోకి తొంగి చూశారా అని తాత అడిగాడు. కంపచెట్లు అల్లుకుపోయి లోపలికి చూపు పోవడం లేదని, పాముల భయం కొద్దీ ఎవరూ దగ్గరికి పోవడం లేదని బాలన్న అన్నాడు. ఇళ్ల ముందుకు కుళాయిలు వచ్చాక ఆ బావి గొడవ ఎవరికీ పట్టలేదట.

"అయినా మకాం మాట ఉండగా మేం చూసేదేముంది తాతా?" అన్నాడు.

ఓబులేసుకు తాను కొట్టిన సున్నాలు గుర్తొచ్చాయి. లేచి తన గదిలోకి పోయాడు.

వికీలో ఒక మంచి గుణముంది. ఎవరు ఎన్నిసార్లు దిద్దినా పాత రూపాలన్నీ పేజీ చరిత్రలో ఉంటాయి. ఓబులేసు వెనక్కి వెనక్కి పోయి, సున్నాలు కొట్టకముందటి పట్టికను తెరిచాడు. తాటిచెలమ, జంగాల బావి. ఏటా మూడు బారలు, నాలుగు బారలు. కరువు ఏళ్లలో కూడా రెండు బారలకు తగ్గలేదు. చెప్పినవారి గడిలో 'ఫకీరప్ప' అని ఉంది. చివరి మూడేళ్లు మాత్రం గడులు ఖాళీ. బావి ఎండిపోయిందని చెప్పినవాడు లేడు. ఆ మాట ఓబులేసు ఒక్కడే చెప్పాడు, అది కూడా గీత తెగకుండా ఉండటానికి.

వెంటనే పోయి బాలన్నతో చెప్పేస్తే అయిపోయేది. కానీ ఓబులేసు కాళ్లు కదల్లేదు. మూడేళ్లలో నిజంగానే ఎండిపోయి ఉండొచ్చు కదా అని ఒకసారి అనుకున్నాడు. అంతమంది మెచ్చుకున్న చార్టు తప్పని నోటితో ఎట్లా చెప్పడం అని ఇంకోసారి అనుకున్నాడు. తప్పని చెబితే వికీని ఇక ఎవరు నమ్ముతారని కూడా అనుకున్నాడు. ఈ మూడోది మొదటి రెంటికంటే గౌరవంగా వినిపించడంతో దాన్ని పట్టుకొని అక్కడే కూర్చున్నాడు.

బయట భోజనాల సద్దు వినిపించింది, తరువాత సద్దుమణిగింది. అతను లేచి వచ్చేసరికి బాలన్న తిని వెళ్లిపోయాడు. బంతి లేచిపోయింది. విస్తరాకులు ఎత్తేసి, నేల చిమ్మేసి, గిన్నెలు బోర్లించేశారు.

మకాంలో విస్తళ్లు వేసేది తాతే. ఎవరెక్కడ కూర్చుంటారో ఆయనకు తెలుసు. చేతులు కడుక్కొని వచ్చిన ఓబులేసు తాను రోజూ కూర్చునే చోటు చూసుకున్నాడు. అక్కడ తడి నేల తప్ప ఏమీ లేదు.

"నాకు విస్తరి వేయలేదా తాతా?"

"నువ్వు కనబడలేదప్పా. లేవనుకున్నాం. నడుమ ఖాళీ ఉంటే చూసేదానికి బాగుండదు కదా, వరుస దగ్గరికి జరిపేసినాం."

తాత ఈ మాటను నవ్వుతూ అనలేదు, కోపంగానూ అనలేదు. మామూలుగా అన్నాడు. ఓబులేసు తడిచేతులతో అట్లాగే నిలబడ్డాడు.

తాత పొయ్యి దగ్గరికి పోయి, మూలన బోర్లించి ఉన్న గంపను ఎత్తాడు. దాని కింద ఒక విస్తరిలో సంగటి ముద్ద, పప్పు, చెనక్కాయల పచ్చడి ఉన్నాయి. ముద్దలో ఇంకా వెచ్చదనం పోలేదు. ఆయన దాన్ని రెండు చేతులతో తెచ్చి ఓబులేసు ముందు పెట్టాడు.

"తిను."

ఓబులేసు కూర్చున్నాడు. సిగ్గుతో ముద్ద దిగడం లేదు, ఆకలితో చెయ్యి ఆగడం లేదు. తనను మరిచిపోకుండా ఎవరో గంప కింద ఇంత అన్నం దాచారన్న సంగతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తింటూనే జంగాల బావి సంగతంతా చెప్పేశాడు. ఖాళీ గడులు, సున్నాలు, ఫకీరప్ప పేరు, బాలన్నతో చెప్పకుండా గదిలో కూర్చున్నది, ఏదీ దాచలేదు. తాత మధ్యలో ఆపకుండా విన్నాడు. తప్పని అనలేదు, పరవాలేదనీ అనలేదు.

"ఆ ఫకీరప్ప నీకేమైతాడు?" అని అడిగాడు.

"నాకేమైతాడు తాతా? ఏమీ కాడు. ఆయన్ను నేను చూడను కూడా లేదు."

"అయితే పొయ్యి కనుక్కొని రా."

మరుసటి రోజు మొదటి బస్సుకే ఓబులేసు తాటిచెలమకు పోయాడు. దారి పొడుగునా అతనికి ఒకటే అనుమానం. బావిలో నీళ్లున్నాయో లేవో చూసి రమ్మనాలి గానీ, ఫకీరప్ప ఏమవుతాడో కనుక్కోమనడం ఏమిటి? తాతకు వయసు మీద పడుతోందేమో అని కూడా అనుకున్నాడు. గురువును అనుమానించడానికి శిష్యుడికి బస్సు ప్రయాణం కంటే మంచి సమయం దొరకదు.

ఫకీరప్ప ఇల్లు అడిగితే ఒక గుంజల కొట్టం చూపించారు. ముందర ఒక ముసలామె కూర్చొని చెనక్కాయలు ఒలుస్తోంది. ఆమె హుసేనమ్మ, ఫకీరప్ప భార్య. ఆ ప్రాంతంలో పీర్లకు మొక్కుకొని కన్న బిడ్డలకు ఎవరింట్లోనైనా ఈ పేర్లే పెడతారు. ఫకీరప్ప పోయిన వానాకాలంలో చనిపోయాడని ఆమె చెప్పింది. బావి సంగతి మాట్లాడాలని ఓబులేసు నోరు తెరిచాడు. ఆమె వినలేదు. ముందు తేలాల్సింది వేరే ఉంది.

"నువ్వెవరి బిడ్డవు నాయనా? నిన్ను ఏ వరుస పెట్టి పిలవాల?"

ఓబులేసు తన ఊరి పేరు చెప్పాడు. అక్కడ ఆమెకు ఎవరూ తెలియదు. నాయన పేరు చెప్పాడు, అదీ తెలియదు. అమ్మ పుట్టిల్లు ఏదని అడిగింది. రాళ్లచెరువు అన్నాడు. చెనక్కాయ ఒలిచే చెయ్యి ఆగింది.

"రాళ్లచెరువులో గొర్ల సుంకన్న తెలుసునా?"

"మా అమ్మకు చిన్నాయన."

హుసేనమ్మ ముఖం విప్పారింది. ఫకీరప్పా సుంకన్నా ఒకే కొండ మీద గొర్రెలు మేపినవాళ్లట. ఇద్దరిదీ ఒక కులం కాదు, ఒక ఊరు కాదు. అయినా సుంకన్నను ఈయన నోరారా మామ అని పిలిచేవాడట. ఆమె వేళ్ల మీద లెక్క వేసింది. సుంకన్న మామ అయితే, ఆయన అన్న కూతురు ఫకీరప్పకు మరదలు. మరదలి కొడుకు తనకు కొడుకే.

"ఆయన నీకు పెదనాయన అయితాడు. నన్ను పెద్దమ్మా అను," అని తేల్చేసి, ఒలిచిన చెనక్కాయలు అతని దోసిట్లో పోసింది.

అంతదాకా పట్టికలో ఒక గడిగా ఉన్న మనిషి, కొట్టం గోడకు పటమై అతని వైపు చూస్తున్నాడు. తలపాగా, బక్క ముఖం, నవ్వాలో వద్దో తెలియని నోరు. ఓబులేసు చాలాసేపు ఆ పటాన్నే చూశాడు.

అప్పుడు ఆమె చెప్పింది. పెద్దకూతురు చిన్నప్పుడు ప్రాణం మీదికి వస్తే తాత దగ్గరికి తీసుకుపోయారు. బిడ్డ బతికింది. దానికి బదులుగా తాత అడిగింది బావి కొలత. ఆనాటి నుంచి ఏటా ఉరుసు పొద్దున ఫకీరప్ప జంగాల బావిలో తాడు వదిలి, కొలుచుకొని, ఆ తాడు తడి ఆరకముందే నడుముకు చుట్టుకొని మకాంకు నడిచిపోయేవాడు. తరువాత పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఉరుసు వచ్చినప్పుడల్లా ఎవరన్నా పోయి కొలవండప్పా అని ప్రాధేయపడేవాడు. ఎవరికీ తీరలేదు. తాతకు ఇచ్చిన మాట తప్పినానే అని మంచంలో పడుకొని ఏడ్చేవాడు.

ఓబులేసు దోసిట్లో చెనక్కాయలు అట్లాగే ఉన్నాయి. ఆ ఏడుపు గడుల్లోనే తాను సున్నాలు కొట్టాడు. ఇంక దాచలేక చెప్పేశాడు.

"పెద్దమ్మా, ఆయన రాలేని ఏండ్లకు బావిలో నీళ్లు సున్నా అని నేను రాసినా. ఆ రాత చూసే ఇప్పుడు బావి పూడుస్తుండారు."

హుసేనమ్మ అతన్ని తిట్టలేదు. ఆ మాట సరిగ్గా అర్థం కానట్టు కాసేపు చూసింది.

"మనిషి పోయినాడు గానీ, నీళ్లు యాడికి పోతాయి నాయనా?"

లేచి కొట్టంలోకి పోయి, దూలానికి వేలాడుతున్న తాడు తీసుకొచ్చింది. చివర రాయి కట్టే ఉంది.

ఇద్దరూ పోయేసరికి బావి దగ్గర కంపచెట్లు నరుకుతున్నారు. మొదటి ట్రాక్టరు మట్టితో వచ్చి నిలబడి ఉంది. బాలన్న ఓబులేసును చూసి మర్యాదగా ఎదురొచ్చాడు. సంతోషించి చూడటానికి వచ్చాడనుకున్నాడు పాపం. ఓబులేసు నలుగురూ వినేట్టు చెప్పాడు.

"ఆ సున్నాలు ఎవరూ చెప్పినవి కాదన్నా. నేను రాసినవి. గడి ఖాళీగా ఉంటే చార్టు బాగలేదని రాసినా. ఒక్కసారి తాడు వదలనీ."

నరికిన కంపల మధ్య నుంచి పోయి రాయిని బావిలోకి వదిలాడు. తాడు చేతిలోంచి జారుతూ పోయింది. ఓబులేసు జన్మలో దేనికోసమూ అంతగా చెవులు రిక్కించలేదు. కింద ఎక్కడో బుడుంగుమన్న చప్పుడు వచ్చింది.

పైకి లాగాడు. తాడు నల్లగా తడిసి ఉంది. హుసేనమ్మ పక్కన నిలబడి చూస్తుండగా రెండు చేతులూ చాపి కొలిచాడు. ఒక బార, రెండు బారలు, మూడు బారలు, ఇంకా మిగిలింది. నీళ్లు మోచేతుల మీదుగా కారి చొక్కా తడిసింది. అతనికి ఆ తడి తుడుచుకోవాలని అనిపించలేదు.

బాలన్న తాడును వేళ్లతో ఒత్తి చూశాడు. తరువాత ట్రాక్టరును బడి పక్కనున్న గుంతవైపు తిప్పుకోమని చెయ్యి ఊపాడు. షెడ్డు అక్కడైనా వేసుకోవచ్చని తనలో తాను అన్నట్టు అన్నాడు. ఓబులేసు తలెత్తలేక నిలబడి ఉంటే, భుజం మీద చెయ్యి వేశాడు. మట్టి పడకముందే వచ్చినావు, నీ పుణ్యమని నిన్నటికంటే గట్టిగా దండం పెట్టాడు. ఓబులేసుకు నిన్నటి దండం కన్నా ఇది బరువుగా తోచింది.

ఎవరో చెంబు కట్టి నీళ్లు తోడారు. పైన తేలుతున్న ఆకులు తీసి, పైటకొంగు అడ్డం పెట్టి వడగట్టి, హుసేనమ్మ మొదటి చెంబు అతనికే ఇచ్చింది.

"మీ పెదనాయన నీళ్లు. తాగు."

తాగాడు. తియ్యగా ఉన్నాయి. ఆ రోజు అతనికి తాత మీద, గంప కింద ముద్ద మీద, ఎన్నడూ చూడని ఆ మనిషి మీద, తాడు అందించిన ఈమె మీద కలిగిన కృతజ్ఞతకు అంతూ పొంతూ లేదు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ తడిసిన చొక్కా చల్లగా ఒంటికి అంటుకొని ఉంది. తాత వయసు గురించి మళ్లీ అనుమానం రాలేదు.

మకాంకు వచ్చాక ఓబులేసు ఒక్కో బావి వరుసనూ విప్పి కూర్చున్నాడు. తాను కొట్టిన సున్నాలన్నీ ఏరేశాడు. నిజంగా ఎండిందని ఎవరో వచ్చి చెప్పిన సున్నాలను అట్లాగే ఉంచాడు. తీసేసిన పేర్లను పేజీ చరిత్ర నుంచి తెచ్చి మళ్లీ పెట్టాడు. ఈసారి చివరన కాదు, బావి పేరు పక్కనే. జంగాల బావికి ఈ ఏటి కొలత రాసి, చెప్పినవారి గడిలో ఫకీరప్ప పక్కన మొదట ఓబులేసు అని కొట్టాడు. కాసేపు చూసి, చెరిపేసి, హుసేనమ్మ అని రాశాడు.

చార్టులో గీతలు మళ్లీ ఎక్కడికక్కడ తెగిపోయాయి. చేపల చెరువుల వికీ వాళ్లొకరు చర్చాపేజీలో, మీ చార్టు పాడైంది చూసుకోండి అని రాశారు. పాడు కాలేదు, అక్కడ ఇంకా అడగాల్సిన మనుషులున్నారు అని ఓబులేసు జవాబిచ్చాడు.

ఆ తరువాత ఫోను తీసుకొని తాత దగ్గరికి పోయాడు. తాత కళ్లజోడు పెట్టుకున్నాడు.

"ఫోనులో పట్టిందా?"

"పట్టలేదు తాతా. పక్కకు జరుపుకుంటా చదవాల."

"జరుపుదాం. మనకేమి తొందర?"

తాత ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటూ చదివాడు. కొన్ని పేర్ల దగ్గర నవ్వాడు. ముత్యాలప్ప దగ్గర ఆగి, ఈయన బావిలోంచి బయటికి వచ్చినట్టుండాడే అన్నాడు. చదువుతూ చదువుతూ తాటిచెలమకు వచ్చాడు. కొలత లేని గడుల మీద వేలు పెట్టాడు. ఆ మూడింటినీ కలిపి ఓబులేసు ఒక మాట రాసి పెట్టాడు: 'కొలవలేదు. పెదనాయన మంచంలో ఉన్నాడు.'

తాత ఆ మాటను రెండుసార్లు చదివాడు.

"వికీలో ఇట్ల రాయొచ్చునా?"

"రాయకూడదు తాతా. ఎవరో ఒకరు వచ్చి దిద్దుతారు."

"దిద్దనీలే." తాత కళ్లజోడు తీసి పైకి చూశాడు. "ఎవరికప్పా పెదనాయన?"

"నాకే తాతా."

తాత ఫోనును రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

"ఇప్పుడు కుదిరిందప్పా వరుస," అన్నాడు.